కార్డులో రాసిన మెట్లు

లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు అరమార్కు. న్యాయంగా రావలసిన అరమార్కును ఆయన ఎవరికీ ఎగ్గొట్టలేదు. రాని అరమార్కును, ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా, వెయ్యలేదు. హెడ్మాస్టరు కొడుకు పేపరైనా, బడి వాచ్‌మన్ కూతురి పేపరైనా ఆయనకు ఒకటే కొలత. ఆ పేరు తన వెనకాల తిరుగుతోందని ఆయనకు తెలుసు. భార్య ఉన్న రోజుల్లో ఇంట్లో కూడా అప్పుడప్పుడూ వినిపించేది. "ఏమండీ అరమార్కుగారూ, టీలో చక్కెర సరిపోయిందా, కొలిచి చెబుతారా?" అనేది ఆవిడ.

ఆవిడ పోయి పది వారాలైంది.

జబ్బు ఊపిరితిత్తులది. మెత్తగా ఉండాల్సినవి లోపల్లోపలే గట్టిపడుతూ వస్తాయి. గాలి పట్టదు. దానికి కొత్తగా ఒక ఇంజెక్షను వచ్చింది. పనిచేస్తుందని కొందరు డాక్టర్లు, ఇంకా తేలలేదని కొందరు. ప్రభుత్వ ఆరోగ్య బీమావాళ్ళు మధ్యేమార్గంగా ఒక పద్ధతి పెట్టారు. రెండేళ్ళపాటు ఇంజెక్షను ఖర్చు బీమానే భరిస్తుంది. వేయించుకునేవాళ్ళు నెలనెలా ఒక కార్డు నింపి ఇవ్వాలి. గడువు తీరాక ఆ కార్డులన్నీ చూసి, గుణం ఉందని తేలితే ఇస్తూ ఉంటారు, లేదని తేలితే ఆపేసి ఆ డబ్బు ఇంకో వైద్యానికి మళ్ళిస్తారు. ఆవిడకు ఇంజెక్షను మొదలయ్యేసరికే ఆ రెండేళ్ళలో ఏడాది పైన గడిచిపోయింది.

కార్డు పసుపుపచ్చటిది, నెలకో వరస. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటే నిద్ర పడుతోంది? నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా? ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలుగుతున్నారు? అన్నిటికన్నా ఆ మూడోదే ముఖ్యమని ఇంజెక్షను గదిలో నర్సు చెప్పింది. కార్డు అడుగున సన్నటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "మెరుగు కనబడనివారికి ఇంజెక్షను నిలిపివేయబడవచ్చును."

మాస్టారి ఇల్లు రెండో అంతస్తు. మెట్లకు కొదవ లేదు. నెలాఖరున ఆవిడ కొంగు బిగించి ఎక్కేది. ఆయన ఒక మెట్టు కింద నిలబడి, వీపుకు ఆనకుండా చెయ్యి అడ్డుపెట్టి, వెనకే ఎక్కేవాడు. మొదటి నెల ఆరు మెట్లెక్కి ఆగింది. ఆరు అని రాశారు. రెండో నెల అయిదు.

"తొమ్మిది రాయండి," అంది ఆవిడ, మెట్టుమీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ.

"అయిదే కదా."

"ఇవాళ కాస్త నలతగా ఉంది. నిన్నయితే తొమ్మిదీ ఎక్కేసేదాన్ని."

"నిన్న ఎక్కలేదుగా."

"ఆ నర్సమ్మాయి ఎంత ఆశగా అడుగుతుందో మీరు చూడలేదు. 'ఎలా ఉందమ్మా, తేలికపడిందా?' అంటూ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. దాని మొహం చూస్తూ లేదని ఎలా చెప్పను? పైగా అడుగున రాసింది చదివారుగా. ఇదీ ఆపేస్తే ఇంక మనకేముంది?" అని, ఆయన చేతిలో కలం కదలకపోవడం చూసి నవ్వింది. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా కలిపి వెయ్యండి, అరమార్కుగారూ."

ఆయన తొమ్మిది వేశారు. ఆ తర్వాతి నెలల్లో ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు రెండేళ్ళ గడువు తీరింది. బీమా ఆఫీసునుంచి ఒకావిడ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ "తర్వాత చెయ్యండమ్మా" అని పెట్టేశారు మాస్టారు. నాలుగోసారి ఆవిడ, "పది నిమిషాలు కూర్చుంటే చాలు సార్. ఇంటికే వస్తాను," అంది. గురువారం బడి వదిలాక రమ్మన్నారు.

ఆ మాట స్టాఫ్ రూములో డ్రాయింగు మాస్టారి చెవిన పడింది. బల్లకు అవతల కూర్చుని రంగులు కడుగుతున్నవాడు కుంచె గ్లాసులోనే వదిలేసి లేచొచ్చాడు.

"ఎందుకొస్తోందట?"

"కార్డు గురించి."

డ్రాయింగు మాస్టారి చెల్లెలిదీ అదే జబ్బు. పోస్టాఫీసులో ఉద్యోగం, సెలవు పెట్టి అన్నగారింట్లోనే ఉంటోంది. ఇంజెక్షను గదిలో ఆమె కుర్చీ, మాస్టారి భార్య కుర్చీ పక్కపక్కనే ఉండేవి. ఆరు నెలలు పక్కపక్కన కూర్చున్నాక, వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళు అయిపోయారు. దాంతో మాస్టారు ఆమెకు బావగారయ్యారు. వరస కలిశాక ఊరుకుంటుందా, కనబడినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. "మా అక్కకి చేసుకోక తప్పలేదు కాబట్టి సరిపోయింది గానీ, ఇంత కొలిచి నవ్వే మనిషిని ఎవరు చేసుకుంటారు బావగారూ!" అనేది. ఆమెకు ఇంకా ఇంజెక్షను పడుతోంది.

డ్రాయింగు మాస్టారు తలుపువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మాస్టారూ, మీరేం రాశారో నాకు తెలీదు. నాకు చెప్పకండి. రాసింది రాసినట్టు ఉండనివ్వండి, అంతే అడుగుతున్నాను."

"అది నిజం కాకపోతే?"

"ఎవరికి నిజం కాకపోతే? అక్కగారికి పనిచెయ్యలేదు, సరే. మా దానికి పనిచేస్తోంది. మొన్న గుమ్మందాకా నడిచొచ్చింది. మీరు మీ కార్డు కొట్టేస్తే, అందరికీ కలిపి లెక్క కట్టి ఇంజెక్షను తీసేస్తారు. పోయినావిడ ఎలాగూ తిరిగి రాదు." ఆ మాట నోరు జారాక డ్రాయింగు మాస్టారి మొహం మాడిపోయింది. "క్షమించండి. నా ఉద్దేశం అది కాదు."

"తెలుసు," అన్నారు మాస్టారు.

గంట కొట్టారు. ఆ పీరియడులో పిల్లలకు సగటు చెప్పాలి. చెప్పారు. బోర్డుమీద అంకెలు వేస్తుంటే సుద్ద రెండుసార్లు విరిగింది.

గురువారం అయిదింటికి బీమా ఆఫీసు ఆవిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన బరువైన సంచీ. రెండంతస్తులు ఎక్కేసరికి చెమట పట్టింది. మాస్టారు మంచినీళ్ళు ఇచ్చారు.

"మా ఆఫీసులో లిఫ్టు ఉంది సార్. నాలుగేళ్ళుగా విశ్రాంతి తీసుకుంటోంది. మెట్లు అలవాటే," అంటూ కూర్చుని, సంచీలోంచి ఒక కాగితాల కట్ట తీసింది. "మేడంగారు పోయినందుకు చాలా బాధగా ఉంది. ఇలాంటప్పుడు రాకూడదు. రాక తప్పలేదు."

"చెప్పండమ్మా."

ఆవిడ తిన్నగా విషయంలోకి వచ్చింది. మొత్తం మూడు వందల నలభై మంది ఈ ఇంజెక్షను వేయించుకున్నారు. కార్డులన్నీ కలిపి చూస్తే మెట్లు నెలనెలకూ పెరుగుతున్నాయి. ఆఫీసులో అందరూ సంతోషించారు. అయితే లెక్క సరిచూసే డాక్టరు ఒకాయన, చనిపోయిన అరవై ఒక్కమంది కార్డులు పక్కకు తీయించి చూశాడు.

"వాళ్ళకీ పెరుగుతూనే ఉన్నాయి సార్. పెరుగుతూ పెరుగుతూనే పోయారు." కట్టలోంచి ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. "ఇది మీ ఇంటి కార్డు నకలు. ఆరు, తొమ్మిది, పదకొండు, పన్నెండు, పదిహేను, పదిహేను. ఆ తర్వాతి వరస ఖాళీ."

తన దస్తూరీయే. అంకెలు బోర్డుమీద వేసినట్టు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. మాస్టారు చివరి పదిహేను మీద వేలు పెట్టారు.

"నేనేం చెప్పకపోతే?"

"కార్డులో ఉన్నదే ఉంటుంది."

"చెబితే, ఇప్పుడు వేయించుకుంటున్నవాళ్ళకి ఆగిపోతుందా?"

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఆగిపోవచ్చు. మీ ఒక్క కార్డుతో మాత్రం ఏదీ ఆగదు, ఏదీ నిలవదు. మీకు అబద్ధం చెప్పి నిజం రాయించుకోలేను కదా. గుణం లేదని తేలితే ఆ డబ్బుతో ఇళ్ళకి ఆక్సిజన్ మిషన్లు ఎక్కువ ఇవ్వాలని ఒక ప్రతిపాదన ఉంది. గుణం ఉందని తేలితే ఇంజెక్షనే ఉంటుంది. రెంటికీ సరిపడా లేదు."

ఆక్సిజన్ మిషను అన్న మాట దగ్గర మాస్టారు తల ఎత్తారు. తర్వాత చెయ్యి చాపి, "కలం ఇవ్వండి," అన్నారు.

"పాత అంకె కనబడేట్టు ఒక్క గీత కొట్టి, పక్కన వేసి సంతకం పెట్టాలి సార్."

"అంతేగా దిద్దడమంటే," అన్నారాయన.

ఒక్కొక్క అంకెమీద ఒక్కొక్క గీత కొట్టారు. తొమ్మిది కొట్టేసి అయిదు. పదకొండు కొట్టేసి అయిదు. పన్నెండు కొట్టేసి నాలుగు. మొదటి పదిహేను కొట్టేసి మూడు. రెండో పదిహేను దగ్గర ఆగి, రెండు అని వేశారు. ఆ రెండో మెట్టుమీద ఆవిడ ఒక చెయ్యి గోడకూ ఒక చెయ్యి ఆయన భుజానికీ ఆనించి, మాట రాక, వేళ్ళతో చూపించింది, ఇంక చాలని. ఆ రోజు ఆయన ఆవిణ్ణి ఎత్తుకుని పైకి తీసుకొచ్చారు. బరువే లేదు.

"ఇంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయి సార్?" అంది ఆఫీసావిడ మెల్లగా.

"వెనక నిలబడింది నేనేగా."

అంకెలు అయిపోయాయి. ఆవిడ కాగితం తీసుకోబోయింది. మాస్టారు దానిమీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇంకొకటుంది. ఇందులో రాయడానికి చోటు లేదు. రాయకపోయినా ఫర్వాలేదు, వినండి. అయిదో నెలలో డాక్టరుగారిని ఆక్సిజన్ మిషను అడిగాం. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూశారు. గంటసేపు కుర్చీలో కూర్చుందేమో, అందులో బాగానే చూపించింది. అప్పుడు కార్డు చూశారు. ఎనిమిది మెట్లలోపు వాళ్ళకే మిషను ఇమ్మని నిబంధన, మీరు పదిహేను ఎక్కుతున్నారుగా, మీకెందుకమ్మా అన్నారు. నేను నోరు తెరిచాను. తను నా చెయ్యి నొక్కింది. బయటికొచ్చాక, 'అది తప్పని చెబితే ఇంజెక్షను పోతుందండీ, మిషను సంగతి తర్వాత చూద్దాం' అంది. నేను సరేనన్నాను. రెండు నెలలు అలా ఊపిరందక కూర్చునే నిద్రపోయింది."

కిటికీ బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది రెండుమూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆఫీసావిడ కాగితం వెనక్కి తిప్పింది. ఖాళీగా ఉన్నవైపు ఆయన చెప్పినదంతా రాసుకుంది. రాస్తూనే అంది, "మెరుగు లేకపోతే ఆపేస్తామని మేమే అచ్చు వేశాం. మెరుగుందా అని మళ్ళీ మేమే అడిగాం. భయపెట్టి అడిగితే ఎవరైనా ఏం రాస్తారు సార్?"

"పరీక్ష రాసినవాణ్ణే మార్కులు వేసుకోమన్నట్టు," అన్నారు మాస్టారు. "అయినా వేసింది నేను."

ఆవిడ ఆయన్ని ఓదార్చలేదు. అందుకు ఆయన మనసులో దణ్ణం పెట్టుకున్నారు. వెళ్తూ గుమ్మం దగ్గర మాత్రం ఆగి, "ఈ వారం నేను వెళ్ళిన తొమ్మిది ఇళ్ళలో ఏడు ఇళ్ళవాళ్ళు దిద్దారు సార్," అని చెప్పి దిగిపోయింది.

మర్నాడు మాస్టారు తనంతట తానే డ్రాయింగు మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి, దిద్దానని చెప్పారు.

డ్రాయింగు మాస్టారు అరవలేదు. అరిచినా బాగుండేది. "రాసిందీ మీరే, దిద్దిందీ మీరే. మధ్యన పోయేది మా చెల్లెలు," అన్నాడు. ఆ సాయంత్రమే కుర్చీ లాక్కుని స్టాఫ్ రూము అవతలి చివరికి, అలమారా పక్కకి మారిపోయాడు. ఆ మూల వెలుతురు లేదు. బొమ్మలు దిద్దుకోవడానికి పనికొచ్చే చోటు కాదు. అయినా అక్కడే కూర్చున్నాడు. సైన్సు మేడం ఇద్దరి మధ్యా టీ గ్లాసులు మోస్తూ, "మీ ఇద్దరి పుణ్యమా అని నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి," అని రెండు రోజులు విసుక్కుని, మూడో రోజునుంచి ఊరుకుంది.

నెలన్నర తర్వాత బీమావాళ్ళ నిర్ణయం వచ్చింది. కొత్తవాళ్ళకి ఇంజెక్షను ఇక ఉండదు. ఇప్పటికే వేయించుకుంటున్నవాళ్ళను ఒక్కొక్కరినీ ఆస్పత్రిలో నడిపించి చూస్తారు. కార్డు లేదు, సొంత రాత లేదు. గుణం కనబడినవాళ్ళకు సాగుతుంది. కనబడనివాళ్ళకు ఆపి, నడిస్తే ఊపిరి పడిపోతోందని తేలితే అదే రోజు ఆక్సిజన్ మిషను ఇచ్చి పంపుతారు.

ఆ ఆదివారం మాస్టారికి ఫోన్ వచ్చింది. డ్రాయింగు మాస్టారి చెల్లెలు. మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి మాట్లాడుతోంది. "బావగారూ, మంగళవారం నా నడక పరీక్ష. మీరూ రావాలి."

"మీ అన్నయ్య వస్తాడుగా అమ్మా."

"వాడొక్కడే వస్తే... నన్ను నడవనిస్తాడా? నా బదులు వాడే నడిచేస్తాడు."

"నేనొస్తే మీ అన్నయ్యకి..."

"వాడి సంగతి... నాకొదిలేయండి. మీ ఇద్దరూ ఎందుకు మాట్లాడుకోవట్లేదో నాకు తెలుసు. రండి."

ఆస్పత్రి వరండాలో ఒక కొసన ఒక కుర్చీ, ఇంకో కొసన ఒక కుర్చీ పెట్టారు. ఆరు నిమిషాలు ఆ కుర్చీనుంచి ఈ కుర్చీకి నడవాలి. నర్సు ఒక చేత్తో గడియారం పట్టుకుని, ఆమె వేలికి క్లిప్పు తగిలించింది. డ్రాయింగు మాస్టారు లెక్కల మాస్టారిని చూసి మొహం పక్కకు తిప్పుకుని, చెల్లెలి పక్కన నడవడానికి సిద్ధపడ్డాడు.

"మీరు కాదు సార్ నడవాల్సింది," అంది నర్సు. "గోడ దగ్గర నిలబడండి."

ఆమె నడిచింది. మొదటిసారి అవతలి కుర్చీదాకా నిలకడగానే వెళ్ళింది. "శభాష్, అలాగే రా, తొందరేం లేదు," అంటున్నాడు అన్న, గోడ దగ్గర్నుంచి. తిరిగి వస్తూ సగంలో ఆగి గోడ పట్టుకుంది. మళ్ళీ కదిలింది. నాలుగడుగులకు మళ్ళీ ఆగింది. పెదవులు నల్లబడుతున్నాయి. నర్సు క్లిప్పు చూసి, "చాలు, కూర్చోండి," అంటూ కుర్చీ తానే ముందుకు జరిపింది.

"పొద్దున ఏమీ తినలేదు సిస్టర్, దానివల్ల," అన్నాడు డ్రాయింగు మాస్టారు. "ఓ గంట ఆగి ఇంకోసారి నడిపించండి. ఇంట్లో ఇంతకన్నా బాగా నడుస్తుంది. నేను చూస్తున్నాగా!"

చెల్లెలు చెయ్యెత్తి అతన్ని ఆగమంది. కాస్త ఊపిరి తీసుకుని మాస్టారివైపు తిరిగింది. "ఎలా నడిచాను బావగారూ? మీరు చెప్పండి."

డ్రాయింగు మాస్టారు ఆయనకేసి చూశాడు. నెలన్నరలో అదే మొదటిసారి తిన్నగా చూడటం. కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళావమ్మా," అన్నారు మాస్టారు. "వచ్చేటప్పుడు రాలేకపోయావు."

"అంతేగా." ఆమె తల వెనక్కి వాల్చింది. "ఇంట్లో అంతకన్నా తక్కువే. వాడు బడినుంచి వచ్చే వేళకి... గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. వాడు చూడగానే లేచి నాలుగడుగులు వేసేదాన్ని. వాడి మొహం వెలిగిపోయేది." అన్నకేసి చూసి నవ్వబోయి, దగ్గొచ్చి ఆగిపోయింది. "రాసేయండి సిస్టర్, ఉన్నదున్నట్టు."

డ్రాయింగు మాస్టారు వరండా కొసదాకా నడిచి వెళ్ళి, అక్కడున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరు ఒకామె వచ్చి కాగితాలు చూసి, ఇంజెక్షను ఆపుతున్నామని, మిషను ఇస్తున్నామని చెప్పింది. "మిషను పెడితే నయమవుతుందా?" అని చెల్లెలు అడిగింది. నయం కాదమ్మా, ఆయాసం తగ్గుతుంది, నిద్ర పడుతుంది అని డాక్టరు చెప్పింది. ఆమె తలూపింది.

మిషను చిన్న బీరువా సైజులో ఉంది. అడుగున చక్రాలున్నాయి గానీ మెట్లమీద చక్రాలేం చేస్తాయి? డ్రాయింగు మాస్టారి ఇల్లు మొదటి అంతస్తు. ఒకవైపు ఆయన, ఒకవైపు మాస్టారు పట్టుకున్నారు. అంతకు ముందు చెల్లెల్ని పక్కింటివాళ్ళ సాయంతో కుర్చీలో కూర్చోబెట్టి పైకి చేర్చారు.

"మీ వైపు ఎత్తండి."

"ఎత్తాను. మలుపు, మలుపు."

"గోడకి తగులుతోంది."

అవి తప్ప వేరే మాటలు లేవు.

లోపల మంచం పక్కన మిషను పెట్టారు. డ్రాయింగు మాస్టారు వంగి ప్లగ్గు పెట్టాడు. మిషను ఒకసారి కుదుపిచ్చి, సన్నగా రొద చెయ్యడం మొదలుపెట్టింది. గొట్టం చెవులమీదుగా తిప్పి ముక్కుకు పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి పెదవుల్లో నలుపు విరిగింది. భుజాలు, అంతసేపూ పైకి బిగబట్టి ఉన్నవి, కిందికి దిగాయి. మాస్టారు నిలబడి ఆ భుజాలనే చూస్తున్నారు.

ఆమె కళ్ళు తెరిచింది. మాటలు ఈసారి ఆగకుండా వచ్చాయి. "ఎంత హాయిగా ఉందో బావగారూ. అక్క పాపం కూర్చునే నిద్రపోయేది, నాతో చెప్పేది. అక్కకి దీన్ని ఎందుకు ఇవ్వలేదు?"

డ్రాయింగు మాస్టారు ప్లగ్గు దగ్గర్నుంచి లేచి ఇటు తిరిగాడు.

నిబంధన అడ్డొచ్చిందమ్మా అని చెప్పి ఊరుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. మాస్టారు మంచం పట్టె పట్టుకున్నారు.

"తను పదిహేను మెట్లు ఎక్కుతోందని నేను కార్డులో రాశాను," అన్నారు. "అంత ఎక్కేవాళ్ళకి ఇవ్వరమ్మా. అప్పటికి తను ఎక్కుతున్నవి మూడు."

ఆమె చెయ్యి ముక్కు దగ్గరి గొట్టంమీదికి వెళ్ళింది. మాస్టారు రెండో చెయ్యి కూడా మంచం పట్టెకు ఆనించారు.

డ్రాయింగు మాస్టారు గోడవారగా ఉన్న కుర్చీ తెచ్చి ఆయన వెనక వేశాడు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు.